జాబితాకు వ్రాసిన ఉత్తరము

ఉభయకుశలోపరి యని మొదలిడి ఉత్తరములు వ్రాసికొను కాలమున, కలము పట్టినవాని మనస్సులో ఒక ముఖము నిలిచియుండెడిది. అది పినతండ్రి ముఖమైన ఒక తీరున, బాకీ తీర్చవలసిన షావుకారు ముఖమైన వేరొక తీరున, వ్రాయువానికి తెలియకుండగనే వాక్యము తన నడకను దిద్దుకొనుచుండెడిది. నేడు వర్తకసంస్థలు లక్షలమందికి ఒక్క గడియలో పంపుచున్న ఈమెయిళ్లలో భాషాసౌష్ఠవమునకు లోటు లేదు, వర్ణచిత్రముల సొంపునకు లోటు లేదు. కొరవడినది ఆ ముఖము. కూర్చువాని యెదుట నున్నది ఒక పట్టిక: వరుసలు, గడులు, పేర్లు, చిరునామాలు, కడపట కొన్న సరకు, కొనిన తేది. ఈ అధ్యాయమున వివరింపబోవు దోషములు పైకి వేర్వేరు జాతులవిగా కనబడినను, వానిలో పెక్కింటికి తల్లివేరు ఇదియే, మనిషికి వ్రాయవలసిన మాటను పట్టికకు వ్రాయుట.

ఈ దోషము క్రొత్తది కాదు. 1978వ సంవత్సరము మే నెల 3వ తేదీన, అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను కంప్యూటర్ల సంస్థకు చెందిన గేరీ థ్యూర్క్, కాలిఫోర్నియాలో తమ క్రొత్త యంత్రముల ప్రదర్శన జరుగనున్నదను వార్తను అర్పానెట్టు అను నాటి కంప్యూటర్ల నెట్‌వర్కునందలి దాదాపు 400 మందికి ఒక్క సందేశముగా పంపించెను. చిరునామాలను అచ్చుపడిన డైరెక్టరీ నుండి ఏరి ఎక్కించిరి. అవి తమకు కేటాయించిన చోట ఇమడక సందేశపు శరీరములోనికి పొంగిపొర్లినవి. అందుచేత కొందరికి ఉత్తరమే చేరలేదు, చేరినవారికి మొదట దర్శనమిచ్చినది ప్రదర్శన వార్త గాక పరుల చిరునామాల పరంపర. నెట్‌వర్కు నిర్వాహకులు మందలించిరి, అందుకొన్నవారు కసరిరి. అయినను ఆ సందేశమువలన యంత్రములు బాగుగనే అమ్ముడుపోయినవని థ్యూర్క్ అటుపిమ్మట చెప్పుకొనుచుండెను. ఆ మాట అబద్ధమని నేననను. చిక్కంతయు అక్కడనే యున్నది. అమ్మకము లెక్కపుస్తకములోనికి ఎక్కును, విసుగు ఎక్కదు. రూపాయి వచ్చుచున్నంతకాలము, ఎందరి మనస్సు విరిగినదని అడుగువాడు సంస్థలో ఒక్కడును ఉండడు.

మొదటి దోషము మొదటి అక్షరము వ్రాయకమునుపే జరిగిపోవును. లక్కీ డ్రా పెట్టెలో వేసిన చీటీ, బిల్లు కొరకు చెప్పిన చిరునామా, ఎవడో దళారి వేయింటికి ఇంతయని అమ్మిన జాబితా, వీనినన్నింటిని ఒకచోట కుప్పవేసి ఆ కుప్పకు "మా కస్టమర్లు" అని పేరు పెట్టుదురు. బిల్లు కొరకు చిరునామా చెప్పినవాడు బిల్లు పంపుటకు ఒప్పుకొనెనే గాని దీపావళి తగ్గింపుల కబురులకు ఒప్పుకొనలేదు. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము సమ్మతికి చెప్పిన లక్షణములు ప్రతి వర్తకుడును చదువదగినవి: అది స్వేచ్ఛగా, ఫలానా పనికని నిర్దిష్టముగా, విషయము తెలిసి, షరతులు లేక, సందిగ్ధము లేక ఇచ్చినదై యుండవలెను, ఇచ్చుట ఎంత సులభమో వెనుకకు తీసికొనుటయు అంత సులభముగా నుండవలెను, ఆ సంగతి తెలుపు నోటీసును ఇంగ్లీషులోగాని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకొను వీలుండవలెను. ఆ షెడ్యూలులో తెలుగు కలదు. అడుగున చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరములలో షరతులు పరచి, అంగీకారపు గడిలో ముందుగనే టిక్కు పెట్టియుంచువారు ఈ సంగతిని ఒకసారి గుర్తుచేసికొనిన మంచిది.

బ్రిటనులో 2017లో జరిమానాతో ముగిసిన ముచ్చట యొకటి దీనికి తోడు చెప్పవచ్చును. ఫ్లైబీ అను విమానసంస్థ, తమకు ప్రకటనలు పంపవలదని అదివరకే చెప్పియున్నవారికి, "మీ వివరములు సరిగానే యున్నవా?" అని 33 లక్షలకు పైగా ఈమెయిళ్లు పంపినది. హోండా సంస్థ యొక్క ఐరోపా శాఖ, సమ్మతి యిచ్చిరో లేదో తనకే తెలియనివారికి, మా కబురులు మీకు కావలెనా యని 2,89,790 ఉత్తరములు పంపినది. ఇది ప్రకటన కాదు, విచారణ మాత్రమేనని హోండావారి వాదము. సమ్మతి అడుగుటకు పంపు ఈమెయిలు కూడ ప్రకటనయేనని సమాచార కమిషనరు కార్యాలయము నిర్ణయించి, మొదటివారికి 70,000 పౌండ్లు, రెండవవారికి 13,000 పౌండ్లు జరిమానా వేసినది. అదే సంవత్సరమున వెదర్‌స్పూన్ అను పబ్బుల సంస్థ తన ఈమెయిలు జాబితాను మొత్తముగా చెరిపివేసినది. అంత సాహసము అందరికిని తగదు. కాని ప్రతి చిరునామా ప్రక్కన అది ఏ తేదీన, ఎక్కడ, ఏ మాటలు చదివి ఇచ్చినదో వ్రాసిపెట్టుకొనుట, అట్టి ఆధారము దొరకని పేర్లను కొట్టివేయుట, ఎంత చిన్న దుకాణదారునకైనను సాధ్యమే. జాబితా సగమైపోయినదని దిగులుపడనక్కరలేదు. పోయిన సగము ఏనాడును మీది కాదు.

ఇక సబ్జెక్టు లైను. చదువరి చూపు దానిపై నిలుచునది రెప్పపాటు. ఆ రెప్పపాటులో అతనిని బోల్తా కొట్టింపవలెనను ఆత్రము ఎక్కడ చూచినను కనబడుచున్నది. ఎన్నడును జరుగని సంభాషణకు కొనసాగింపువలె "రీ" అని ముందు తగిలించుట, బ్యాంకువారి హెచ్చరికవలె "మీ ఖాతా విషయమై తక్షణ చర్య" అని బెదరించుట, ప్రతి శుక్రవారము "ఇదే ఆఖరి అవకాశము" అని టముకు వేయుట, ఇవి యన్నియు ఆ ఆత్రపు రూపములే. అమెరికాలో 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టము మోసపుచ్చు సబ్జెక్టు లైనులను నిషేధించినది. మన దేశమున 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ వెలువరించిన మార్గదర్శకములు 13 విధముల కపటపద్ధతులను పేర్కొనుచు, లేని తొందరను పుట్టించుటను వానిలో చేర్చినవి. చట్టము మాట అటుంచుడు. ఆఖరి అవకాశము వారమున కొకసారి వచ్చునని చదువరి కనిపెట్టిన పిమ్మట, నిజముగా సరకు అడుగంటిననాడు ఆ సంగతి చెప్పుకొనుటకు మీకు మాట మిగులదు.

మోసపుటాలోచన లేకున్నను ఏమరుపాటు చాలును. 2017 ఏప్రిలులో బోస్టను మారథాను ముగిసిన మరునాడు, పరుగు పూర్తిచేసినవారికి అడిడాస్ సంస్థ ఒక ఈమెయిలు పంపినది; మారథాను నుండి ప్రాణములతో బయటపడినందుకు అభినందనలు అని దాని సబ్జెక్టు లైను భావము. పరుగుపందెము ముగించుటను అట్లు చమత్కరించుట ఇంగ్లీషున పరిపాటియే. అయితే 2013లో అదే మారథాను ముగింపురేఖ యొద్ద బాంబులు ప్రేలి ముగ్గురు మరణించిరి, వందలమంది గాయపడిరి. ఆ పరుగులో పాల్గొన్న ఒక్కరికి ఒక్క ఉత్తరముగా వ్రాయుచున్నట్లు తలచినచో ఆ మాట కలము నుండి జారెడిది కాదు. సంస్థ వెంటనే క్షమాపణ చెప్పుకొనినది. దీనికి ఎదురుగా 2012లో ఒబామా ఎన్నికల ప్రచారశాఖ పంపిన ఉత్తరములను చూడుడు. ప్రత్యర్థి నన్ను మించి ఖర్చుపెట్టబోవుచున్నాడు అను అర్థము వచ్చు సబ్జెక్టు లైనుతో పంపిన యొక ఈమెయిలు 26 లక్షల డాలర్లకు మించి విరాళములు తెచ్చినది. పలు ముసాయిదాలను చిన్న చిన్న బృందములకు పంపి, ఏది ఫలించునో చూచి, దానినే తక్కినవారికి పంపుట వారి పద్ధతి. ఏది గెలుచునో ముందుగా ఊహించుటలో ఆ శాఖలోని నిపుణులే తరచుగా తప్పిరట. ఆర్భాటము లేక, పొరుగువాడు వ్రాసినట్లున్న పొట్టిమాటలే ఎక్కువగా గెలిచినవి. మన వర్తకులు ఆశ్చర్యార్థకములను మూడేసి చొప్పున గ్రుచ్చుట ఏ పరీక్షలో నెగ్గిన పద్ధతియో నాకు బోధపడదు.

పేరు పెట్టి పిలిచిన ఆదరము తోచునని ఎవరో చెప్పగా విని, నేడు ప్రతి సంస్థయు పేరు పెట్టియే పిలుచుచున్నది. ఆ పిలుపు తెలుగువారి చెవికి ఎట్లు వినబడునో ఆలోచించిన సంస్థ అరుదు. ఫారములో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులుండును. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. ఆ పెట్టిన పేరైనను ఒక్క ముక్క కాదు. పోతరాజు వేంకట నాగ సత్యవతి అను నొక యిల్లాలిని ఊహించుకొనుడు. ఆమె ఫారము నింపిన తీరునుబట్టి ఒక సంస్థ "హాయ్ పోతరాజు" అనును. వేరొకటి "డియర్ వేంకట" అనును. పొడి అక్షరములు వాడు అలవాటామెకున్నచో మూడవది "ప్రియమైన పి" అని ఊరుకొనును. గడి ఖాళీగా నున్నచో "ప్రియమైన ఫస్ట్ నేమ్" అని, ఫ్లవర్ బ్రాకెట్లతో సహా, యంత్రపు ప్రేవులు బయటపడును. ఆదరము చూపబోయి, మీరెవరో మాకు తెలియదని చాటుకొనుట యిది. ఫారములో "మిమ్ములను ఏమని పిలువవలెను?" అని ఒకే గడి పెట్టిన ఈ చిక్కు తీరును; అది చేతగానిచో పేరు మాని నమస్కారముతో మొదలిడుట మేలు. తెలుగున వ్రాయువారికి మరియొక మాట. ఇంగ్లీషు ప్రతిని యంత్రముచేత అనువదింపించి, తాతగారి వయస్సు వారికి "నీ కార్ట్ నీ కోసం వేచి ఉంది" అని పంపుచున్నారు. పేరు చివర "గారు" చేర్చుటకు, "నీ"ని "మీ"గా దిద్దుటకు ఖర్చేమియు కాదు. పంపకమునుపు తెలుగువారొకరు చదువుట యొక్కటియే కావలెను.

పేరు తప్పిన నవ్వుకొందుము. సందర్భము తప్పిన నవ్వు రాదు. 2014 మే నెలలో ఫొటోలు అచ్చువేసి యిచ్చు షటర్‌ఫ్లై అను అమెరికా సంస్థ, ఇంట బిడ్డ పుట్టినందుకు అభినందనలు తెలుపుచు, బిడ్డ పుట్టని ఎందరికో ఉత్తరములు పంపినది. అందుకొన్నవారిలో గర్భస్రావమైనవారును, సంతానమునకై ఏండ్ల తరబడి తపించుచున్నవారును ఉండిరి. పట్టికలో ఒక గడి తప్పుగా నిండినదని సంస్థకు తోచియుండును; చదివినవారికి తోచినది వేరు. 2019లో బ్రిటనులోని బ్లూమ్ అండ్ వైల్డ్ అను పూల సంస్థ, మాతృదినోత్సవపు కబురులు అక్కరలేనివారు చెప్పిన చాలును, తక్కిన కబురులు మాత్రమే పంపెదమని ముందుగా అడిగినది. తల్లిని పోగొట్టుకొన్నవారెందరో కృతజ్ఞతతో జవాబు వ్రాసిరి. ఈ పద్ధతి మనకును అనుసరణీయము. మనవద్ద పండుగల విషయమున జరుగు అనాలోచితమునకు అంతులేదు: సంతాపదినమైన మొహర్రమునకు శుభాకాంక్షలు, గుడ్ ఫ్రైడేకు "హ్యాపీ", ముహూర్తములే లేని ఆషాఢమున "ఈ నెల మీ యింట పెండ్లియా?" అను పలకరింపు. క్యాలెండరులో ఎఱ్ఱ అంకె కనబడినంత మాత్రమున అది పండుగ కాదని సంస్థలో ఒక్కరికైనను తెలిసియుండవలదా?

ఉత్తరపు శరీరమునకు వచ్చెదము. మంగళగిరిలో చేనేత చీరలమ్ము దుకాణదారుడొకడు హైదరాబాదులోను, బెంగుళూరులోను, న్యూజెర్సీలోను ఉన్న పాత ఖాతాదారులకు నెలకొక ఈమెయిలు పంపదలచెననుకొందము. అతని మేనల్లుడు డిజైను చేసియిచ్చిన మొదటి ప్రతిలో ఉత్తరమంతయు ఒకే పెద్ద బొమ్మ. అందులో పండ్రెండు చీరలు, "50% వరకు" అను ఎఱ్ఱని అక్షరములు, ఆరు బటనులు, అడుగున ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ గుర్తులు. బొమ్మలను అడ్డగించు మెయిలు ప్రోగ్రాములో ఇది తెల్లకాగితముగా తెరచుకొనును. చూపులేనివారికి చదివి వినిపించు స్క్రీన్ రీడరుకు ఇందులో చదువుటకు ఒక్క అక్షరము లేదు. ఈ సంగతి విని మేనల్లుడు బొమ్మ తీసివేసి, పండ్రెండు చీరలకును పండ్రెండు వర్ణనలు చేర్చెననుకొందము. అప్పుడు వేరొక చిక్కు: 102 కిలోబైట్లు దాటిన సందేశమును జీమెయిలు నడుమ కత్తిరించివేయును, అడుగున నున్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకుతో సహా. పైగా కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరము ఒక బైటులో ఇముడగా, యూనికోడు తెలుగులో ఒక్కొక్క గుర్తునకు మూడు బైట్లు పట్టును. కనుక తెలుగు ఉత్తరము ఆ హద్దును మరింత త్వరగా తాకును.

నేనైనచో ఆ దుకాణదారునిచేత ఇట్లు వ్రాయింతును. సబ్జెక్టు లైను: "ఆకుపచ్చ నిజాం బార్డరు చీరలు మగ్గం దిగినవి". లోపల: "సత్యవతిగారికి నమస్కారము. శ్రావణమాసములో మీరు తీసికొన్న చీర ఆకుపచ్చలో దొరకునా అని అడిగితిరి. ఈ వారము తొమ్మిది చీరలు వచ్చినవి. ఫొటోలో రంగు కొంచెము ముదురుగా పడినది, చేతికి వచ్చినపుడు లేతగా నుండును. ధరయు, పంపుటకగు ఖర్చును ఫొటో క్రింద నున్నవి. కావలెనన్న ఈ ఉత్తరమునకే జవాబు వ్రాయుడు." అంతే. ఒక చీర, ఒక ఫొటో, ఒక కోరిక. ఫొటోలో రంగు ముదురుగా పడినదను ఆ వాక్యమును మేనల్లుడు తప్పక కొట్టివేయజూచును. కొట్టివేయనీయరాదు, ఉత్తరమంతటిలోను నమ్మకము పుట్టించునది అదియే. అందరికిని ఇంత వివరముగా వ్రాయుట కుదరకపోవచ్చును. ఆకుపచ్చ అడిగినవారిని ఒక గుంపుగా, పట్టు అడిగినవారిని ఒక గుంపుగా విడదీయుటకు మాత్రము ఒక సాయంత్రము చాలును.

కొన్నింటిని వేగముగా దాటిపోవుదము. పంపువారి చిరునామా "నో-రిప్లై" అని యుండుట, మేము మాటలాడుదుము గాని వినము అని ముఖముననే చెప్పుట. హైదరాబాదులో ఉదయము పది గంటలకు పంపిన ఉత్తరము న్యూజెర్సీకి అర్ధరాత్రి ప్రాంతమున చేరును. అక్కడివారికి వేరుగా వేళ నిర్ణయింపుడు. ఎందరు తెరచిరను లెక్కను పట్టుకొని మురియుట తగదు, 2021 సెప్టెంబరు నుండి ఆపిల్ తన మెయిలులో తెచ్చిన గోప్యతా ఏర్పాటు, చదువరి ఉత్తరము తెరచినను తెరవకున్నను బొమ్మలను ముందుగనే దింపివేయుచున్నది గనుక ఆ అంకెలు ఉబ్బినవి. ఎందరు జవాబు వ్రాసిరో, ఎందరు కొనిరో, ఎందరు వెడలిపోయిరో చూడుడు.

వెడలిపోవువారి విషయమున సంస్థలు చూపు సంకుచితబుద్ధి ఆశ్చర్యకరము. అన్‌సబ్‌స్క్రైబ్ అను మాటను తెల్లని నేలపై బూడిదరంగు చిన్న అక్షరములలో దాచుదురు. కనిపెట్టి నొక్కినచో లాగిన్ కమ్మందురు, పాస్‌వర్డ్ అడుగుదురు, కారణములు అడుగుదురు, ఇరువది రకముల కబురులలో ఏవి మానవలెనో ఒక్కొక్కటిగా టిక్కు తీయుమందురు. కడపట "వద్దు, నాకు డబ్బు ఆదా చేయుట ఇష్టము లేదు" అను అవమానకరమైన బటనును నొక్కిన గాని విడువరు. విస్తరి ముందు నుండి లేచినవానిని చేయిపట్టి కూర్చుండబెట్టి వడ్డించినచో వాడు తినునా? వాడు చేయునది వేరు: స్పామ్ అను బటను నొక్కును. ఆ ఒక్క నొక్కు మీకు కలిగించు నష్టము పదిమంది వెడలిపోవుటకన్న ఎక్కువ, ఏలయన ఆ ఫిర్యాదులను లెక్కించి మెయిలు సంస్థలు మీ తక్కిన ఉత్తరములను కూడ స్పామ్ పెట్టెలోనికి త్రోయును. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు ఈ విషయమున కట్టుదిట్టము చేసినవి. జీమెయిలు ఖాతాలకు రోజునకు 5,000కు మించి పంపువారు, తాము తామేయని నిరూపించు ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డీమార్క్ అను మూడు ఏర్పాట్లను చేసికొనవలెను, ఒక్క నొక్కుతో వెడలిపోవు వీలు కల్పింపవలెను, ఆ కోరికను రెండు దినములలో చెల్లింపవలెను, ఫిర్యాదులు 0.3 శాతమును తాకకుండ చూచుకొనవలెను. అనగా వేయిమందిలో ముగ్గురు విసిగిన చాలును. అమెరికా చట్టము పది పనిదినములు గడువిచ్చినది. తపాలా పెట్టెల యజమానులు చట్టముకన్న కఠినులైరి.

ఎంత జాగ్రత్తపడినను ఒకనాడు పొరపాటు జరుగును. అప్పుడు ఏమి చేయుదురనునది సంస్థ స్వభావమును బయటపెట్టును. 2011 డిసెంబరు 28న న్యూయార్క్ టైమ్స్ పత్రిక, చందా మానుకొన్న సుమారు 300 మందికి తగ్గింపు ధర చెప్పి మరల రమ్మని వ్రాసిన ఉత్తరమును, 80 లక్షలకు మించిన జనమునకు పంపివేసినది. చందా మానుకొననివారు తమ చందా ఎవరో రద్దుచేసిరని కంగారుపడి ఫోనులు చేసిరి. పత్రిక మొదట ఆ ఉత్తరము తమది కాదన్నది. కొంతసేపటికి తమ ఉద్యోగి పొరపాటేనని ఒప్పుకొనవలసి వచ్చినది. రెండు తప్పులలో రెండవదే పెద్దది. 2021 జూనులో హెచ్‌బీఓ మ్యాక్స్ సంస్థ నుండి "ఇంటిగ్రేషన్ టెస్ట్ ఈమెయిల్" అను అర్థము లేని యొక ఖాళీ ఉత్తరము ఎందరికో పోయినది. సంస్థ దాచకుండ, అవును, మా ఇంటర్ను చేతిలో జరిగినది, వారికి సాయపడుచున్నాము అని నవ్వుచు చెప్పినది. చదివినవారు కోపగించుటకు మారుగా, తాము ఉద్యోగములలో చేసిన తప్పులను చెప్పి ఆ ఇంటర్నును ఓదార్చిరి.

కావున సవరణకు కొన్ని కట్టుబాట్లు ముందే వ్రాసిపెట్టుకొనుడు. అచ్చుతప్పుకు క్షమాపణ లేఖ అక్కరలేదు. ఒక అనవసరపు ఉత్తరమునకు మరియొకటి తోడగును. ధరయో, తేదీయో, లింకో తప్పినచో సవరణ పంపవలసినదే. అది తప్పు అందినవారికి మాత్రమే పోవలెను, ఏది తప్పో ఏది ఒప్పో సబ్జెక్టు లైనులోనే తెలియవలెను, ఆ లోపల తప్పుధరకు ఆర్డరు ఇచ్చినవారికి ఆ ధరకే ఇత్తురో లేదో మొదటి వాక్యమున చెప్పవలెను. ఎవరి మనస్సైనను నొచ్చు తప్పు జరిగినచో సంస్థ పేరున గాక, బాధ్యత గల మనిషి పేరున, జవాబు చేరు చిరునామా నుండి వ్రాయుడు. ఆ ఉత్తరమున తగ్గింపు కూపను మాత్రము అతికింపకుడు.